కొత్త కారా, వాడిన కారా? వాహనం కొనేముందు వేసుకోవాల్సిన మూడు ప్రశ్నలు

ఈ వారం వీడియోలో చెప్పుకున్న విషయాన్ని, తీరిగ్గా చదువుకునేవారి కోసం ఇక్కడ రాసి ఇస్తున్నాం.

ఒక బాబు ప్రశ్న పంపాడు. సొంత ఊరు మాచర్ల, ఇప్పుడు అమెరికాలో డల్లాస్‌లో ఉద్యోగం. ఇంటి దగ్గర నాన్నగారు మిర్చి పండిస్తారు. ఆ బాబు రాసింది ఇదీ: "గురువుగారూ, చిన్నప్పటి నుంచీ స్పోర్ట్స్ కారు నడపాలని కోరిక. రెండు కార్లు చూసి పెట్టుకున్నాను. ఒకటి కొత్త టయోటా జీఆర్ 86. రెండోది 2016 మోడల్ బీఎండబ్ల్యూ ఎం3, ఒకరు వాడినది. ధరలో పెద్ద తేడా లేదు. కొత్తదానికి వారంటీ ఉంది, పాతదానికి బలం ఉంది. ఏది తీసుకోమంటారు? నా నక్షత్రానికి ఏ రంగు కలిసొస్తుంది? చదువుకి తీసుకున్న అప్పు ఇంకా కొంత ఉంది. కారు సంగతి నాన్నకి ఇంకా చెప్పలేదండీ."

కార్ల బేరం ప్రవచనంలోకి ఎందుకు వచ్చిందని కొందరికి నవ్వు రావచ్చు. నవ్వకండి. ఇవాళ మన ఇళ్ళలో పెళ్ళి తర్వాత, ఇల్లు తర్వాత, మనిషి అంత డబ్బు పోసి కొనేది బండే. అంత డబ్బు, అంత కోరిక, పైగా ప్రాణం కూడా ముడిపడి ఉన్న చోట ధర్మం మాట్లాడకపోతే ఇంకెక్కడ మాట్లాడుతుంది?

ముందుగా ఒక మాట. వాహనం మీద ఇష్టం పాపం కాదు. మన దేవుళ్ళలో వాహనం లేనివారెవరు? విష్ణుమూర్తికి గరుత్మంతుడు, శివయ్యకి నంది, సుబ్రహ్మణ్యుడికి నెమలి. అర్జునుడంతటివాడు ఖాండవ దహనం ముందు అగ్నిదేవుణ్ణి నోరు తెరిచి అడిగాడు, నా బలానికి తగిన విల్లు కావాలి, తగిన రథం కావాలి అని. అడిగినందుకు ఎవరూ ఆయన్ని తప్పుపట్టలేదు. కాబట్టి నాయనా, కోరిక కలిగినందుకు సిగ్గుపడకు. ఆ కోరికని మూడు ప్రశ్నల దగ్గర నిలబెట్టి చూడు, అంతే.

మొదటి ప్రశ్న: ఇది నా దగ్గరికి ఏ దారిన వస్తోంది?

రామాయణంలో పుష్పక విమానం ఉంది కదా. దాన్ని బ్రహ్మదేవుడు కుబేరుడికి ఇచ్చాడు. రావణుడు అన్నగారైన కుబేరుడి మీద యుద్ధం చేసి, గెలిచి, ఆ విమానాన్ని లాక్కుని లంకకి తెచ్చుకున్నాడు. తర్వాత రావణుడు పోయాడు. విభీషణుడు అదే విమానాన్ని రాముడి ముందు నిలబెట్టాడు. పద్నాలుగేళ్ళ గడువు దాటితే భరతుడు అగ్నిలో దూకుతానన్నాడు, అందుకని రాముడు త్వరగా చేరాలి. ఎక్కాడు, వెళ్ళాడు, తమ్ముణ్ణి కలిశాడు. పని అయిపోగానే, ఇక నువ్వు కుబేరుడి దగ్గరికి వెళ్ళు అని దాన్ని పంపేశాడు.

గమనించండి. విమానం ఒకటే. రావణుడి దగ్గర అది దొంగసొత్తు. రాముడి దగ్గర అది తమ్ముడికిచ్చిన మాట నిలబెట్టే సాధనం. కొత్తదా పాతదా అని రామాయణం ఎక్కడా అడగలేదు. ఎలా వచ్చింది, ఎందుకు వాడారు అన్నదే చూసింది.

బాబూ, నువ్వు ఎవరిదీ లాక్కోవడం లేదు, నిజమే. కష్టపడి సంపాదించిన జీతం. కానీ చదువు అప్పు ఇంకా ఉందన్నావు. ఆ అప్పు మీద మీ ఇంట్లో ఎవరెవరి చేతులు ఉన్నాయో ఒక్కసారి తలుచుకో. పల్నాటిలో మిర్చి వేసిన రైతు సంగతి నీకు నేను చెప్పాలా? విత్తనం, పురుగుమందులు, కోత కూలీలు, అన్నీ ముందే పెట్టాలి. కాయ ఎండబెట్టి, బస్తాలకెత్తి గుంటూరు యార్డుకి తోలాక ఆ రోజు ధర ఎంత పలికితే అంత. ధర పడిపోతే సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టి, అద్దె కట్టుకుంటూ, రేపు పెరుగుతుందేమో అని చూడాలి. అలా ఎదురుచూడ్డం తెలిసిన మనిషి కొడుకువి నువ్వు. కారు కోసం ఒక ఏడాది ఎదురుచూడలేవా?

అప్పు తీరకముందే కొత్త ఈఎంఐ నెత్తికెత్తుకుంటే, బండి నువ్వు నడిపినా దాని బరువు మోసేది ఇంకొకరు. వాళ్ళకి తెలియకుండా మోయించడం ఇంకా కష్టమైన సంగతి. వినాయక చవితి కథ ప్రతి ఏటా వింటాం. నెమలి వాహనం ఉన్న కుమారస్వామి ఏ నదికి వెళ్ళినా అక్కడ అప్పటికే వినాయకుడు స్నానం చేసి ఎదురొస్తున్నాడు. ఎలుక మీద తిరిగే ఆయన అంత వేగంగా ఎలా వెళ్ళాడు? తల్లిదండ్రుల చుట్టూ ప్రదక్షిణ చేశాడు. నువ్వు డల్లాస్ నుంచి ప్రదక్షిణ చేయలేవు. ఫోన్ చేయగలవు.

రెండో ప్రశ్న: దీని పగ్గం నేను పట్టగలనా?

కఠోపనిషత్తులో యమధర్మరాజు నచికేతుడికి ఒక పోలిక చెప్పాడు. శరీరం రథం. లోపల కూర్చున్న జీవుడు దాని యజమాని. బుద్ధి సారథి. మనసు పగ్గం. ఇంద్రియాలు గుర్రాలు. సారథి మెలకువగా లేకపోతే గుర్రాలు ఎటు లాగితే రథం అటు పోతుంది, గమ్యం చేరదు.

ఇప్పుడు మీ కార్ల లెక్క కూడా గుర్రాల్లోనే కదా ఉండేది! హార్స్ పవర్ అంటున్నాం. కొత్త జీఆర్ 86కి 228 గుర్రాలు. ఆ ఎం3కి 425 గుర్రాలు. ఇంచుమించు రెట్టింపు. రెండూ వెనక చక్రాలతో తోసే బండ్లే. వాన పడిన రోడ్డు మీద, మలుపులో, కాలు ఒక్క అంగుళం ఎక్కువ నొక్కితే వెనక భాగం తిరిగిపోయే స్వభావం ఉన్నవే. ఆ క్షణంలో 425 గుర్రాలని ఆపాల్సింది నీ బుద్ధి. ఇంతవరకూ అలాంటి బండి పగ్గం పట్టని బుద్ధి.

మన ఊరి వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పనా? తిరునాళ్ళలో ఒంగోలు ఎడ్ల బండలాగుడు పందేలు చూసే ఉంటారు. అక్కడ విభాగాలు ఎలా పెడతారు? పళ్ళు చూసి. పాలపళ్ళ గిత్తలు, రెండు పళ్ళవి, నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి, ఆపైన సీనియర్లు. ఒక్కో విభాగానికి ఒక్కో బరువు బండ. ఎంత మంచి జాతి గిత్తయినా, పాలపళ్ళ వయసులో దాన్ని తీసుకెళ్ళి సీనియర్ల బండకి కడతాడా ఏ రైతైనా? కట్టడు. మెడ విరిగిపోతుందని తెలుసు. పశువు విషయంలో ఉన్న ఈ వివేకం మన పిల్లల విషయంలో ఎందుకు ఉండకూడదు? అమెరికాలో రోడ్డు ప్రమాదంలో మన తెలుగు పిల్లాడు పోయాడన్న వార్త విన్నప్పుడల్లా, ఇక్కడ ఊళ్ళో ఒక తల్లి శవపేటిక కోసం రోజుల తరబడి ఎదురుచూడ్డం కళ్ళముందు మెదులుతుంది. భయపెట్టడానికి చెప్పడం లేదు. పగ్గం అంటే ఏమిటో చెబుతున్నాను.

ఇక వాడిన బండి సంగతి. వాడినది కాబట్టి తక్కువది అనుకోకండి. అర్జునుడి రథం ఎవరిదో తెలుసా? విశ్వకర్మ తయారుచేసిన ఆ రథం మీద అంతకుముందే చంద్రుడు దానవులని గెలిచాడని ఆదిపర్వం చెబుతుంది. వరుణుడి దగ్గర నుంచి అగ్నిదేవుడు ఇప్పించాడు. అంటే మన లెక్కలో సెకండ్ హ్యాండే! అయినా మూడు లోకాల్లో దానికి సాటి లేదు.

కానీ ఆ రథం చివర ఏమైందో కూడా వినాలి. యుద్ధం ముగిసిన రోజు కృష్ణుడు, అర్జునా, నీ గాండీవం, అమ్ములపొదులు తీసుకుని ముందు నువ్వు దిగు అన్నాడు. ఎప్పుడూ సారథి ముందు దిగుతాడు, ఆ రోజు తిరగబడింది. అర్జునుడు దిగాడు, తర్వాత కృష్ణుడు దిగాడు. జెండా మీది కపి అదృశ్యమైంది. రథం భగ్గుమని కాలి బూడిదైంది. ద్రోణుడి అస్త్రాలు, కర్ణుడి అస్త్రాలు ఎప్పుడో దాన్ని కాల్చేశాయి, నేను కూర్చుని ఉండబట్టి ఇంతసేపు నిలిచింది అన్నాడు స్వామి.

బయటికి బంగారంలా మెరుస్తున్న రథం లోపల అప్పటికే కాలిపోయి ఉంది. వాడిన బలమైన కారు కొనేవాళ్ళు ఈ కథ మరిచిపోకూడదు. వేగం కోసం పుట్టిన బండిని ముందు యజమాని వేగంగానే నడిపి ఉంటాడు. రంగు వేసి మెరిపించడం గంటల పని. సంతలో ఎద్దుని కొనేటప్పుడు మన పెద్దలు నోరు తెరిచి పళ్ళు చూస్తారు, గిట్టలు చూస్తారు, నాలుగడుగులు నడిపించి నడక చూస్తారు. అమ్మేవాడి మాట ఆఖర్న వింటారు. కారుకీ అంతే. సర్వీసు కాగితాలు, ప్రమాదాల చరిత్ర, టైర్లు, బ్రేకులు, అమ్మేవాడికి సంబంధం లేని మెకానిక్ చేత ఒక పరీక్ష. ఇంకో సంగతి కూడా ఉంది. ఏళ్ళు గడిచేకొద్దీ బండి ధర తగ్గుతుంది గానీ, దాని విడిభాగాల ధర, బ్రేకుల ధర తగ్గవు. ఏనుగుని కొనడం ఒక ఎత్తు, మేపడం ఇంకో ఎత్తు.

మూడో ప్రశ్న: ఎవరి కళ్ళ కోసం ఇది?

ఇది మన పల్నాటి వాళ్ళం గట్టిగా వేసుకోవాల్సిన ప్రశ్న. పౌరుషం మన గడ్డ లక్షణం అంటాం, గర్వంగా చెప్పుకుంటాం. కానీ ఆ పౌరుషం ఏం చేసిందో మన చరిత్రే చెబుతోంది. 12వ శతాబ్దం. మాచర్లలో మలిదేవరాజు, ఆయనకి మంత్రి బ్రహ్మనాయుడు. గురజాలలో నలగామరాజు, ఆయన పక్షాన నాగమ్మ. కోడిపందెం పెట్టుకున్నారు. ఒడ్డిన పందెం ఏమిటి? రాజ్యం! మాచర్ల కోడి ఓడింది. ఏడేళ్ళు ఊరొదిలి పోవాల్సి వచ్చింది. ఆ పగే పెరిగి పెరిగి కారెంపూడిలో నాగులేరు ఒడ్డున రక్తపాతంగా తేలింది. ఆ వీరుల కోసం ఇప్పటికీ కార్తీకంలో కారెంపూడిలో ఆరాధన జరుగుతుంది. మోసం ఎవరు చేశారన్న వాదన మనకిప్పుడు అవసరం లేదు. నా కోడి నీ కోడి కంటే గొప్పది అన్న ఒక్క మాటకి ఎంత ఖర్చయిందో చూడండి.

అదే బ్రహ్మనాయుణ్ణి ఇవాళ జనం దేనికి తలుచుకుంటారు? చాపకూటికి. అన్ని కులాల వాళ్ళనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టినందుకు. ఆయన బరిలోకి దింపిన కోడి ఓటమికి గుర్తుగా మిగిలింది. ఆయన పరిచిన చాప దీపంలా మిగిలింది.

బాబూ, నీ స్నేహితుడి కారు చూసి, వాడి కంటే పెద్ద శబ్దం రావాలని ఆ ఎం3 మీద మనసు పోతే, అది కోడిపందెం. ఆ పందేనికి అంతు లేదు, నీ కంటే వేగమైన బండి ఎప్పుడూ ఒకటి ఉంటుంది. అలా కాక యంత్రం పనితనం మీద ప్రేమ ఉంటే, నడపడం ఒక విద్యలా నేర్చుకోవాలని ఉంటే, అది మంచి కోరికే. పరీక్ష చాలా తేలిక. ఆ కారు ఫొటో ఒక్కటి కూడా ఎవరికీ పంపకూడదు, స్టేటస్‌లో పెట్టకూడదు అని నియమం పెడితే, అప్పుడు కూడా నీకు ఆ కారే కావాలా?

మరి ఏది కొనాలి?

ప్రశ్న అడిగినవాడికి సమాధానం చెప్పకుండా కథలు చెప్పి వదిలేయడం ధర్మం కాదు. నా మాట ఇదీ.

ముందు నాన్నగారికి చెప్పు. అనుమతి కోసమే అని కాదు, దాచిన వస్తువు ఇంట్లో సంతోషం ఇవ్వదు కాబట్టి. రెండోది, చదువు అప్పు తీర్చు. అందాకా ఒక మామూలు బండి చాలు, ఆఫీసుకి అది కూడా తీసుకెళుతుంది. అప్పు తీరాక కోరిక ఇంకా అలాగే ఉంటే, మొదటిది కాబట్టి ఆ 228 గుర్రాల కొత్త బండి వైపే నేను మొగ్గుతాను. దాని ఖర్చు ముందే తెలుస్తుంది, వారంటీ ఉంటుంది, పగ్గం పట్టడం నేర్పుతుంది. వేగం రుచి చూడాలనుంటే దానికి వేరే చోటుంది. మీ టెక్సాస్‌లోనే ఆస్టిన్ దగ్గర 2012లో మొదలైన పెద్ద రేసు ట్రాక్ ఉంది. అలాంటి చోట గురువు దగ్గర నేర్చుకో, ఊరి రోడ్డు మీద వద్దు. కొన్నేళ్ళు నడిపి, చెయ్యి కుదిరాక, మరమ్మతులకి విడిగా డబ్బు పక్కన పెట్టుకోగలిగాక, అప్పుడు ఆ 425 గుర్రాల పాత రథం వైపు చూడు. అప్పటికి నువ్వు సీనియర్ల బండకి తగినవాడివి.

రంగు సంగతి అడిగావు. వాన లోనూ చీకట్లోనూ ఎదుటివాడికి బాగా కనబడే రంగు ఏదైనా శుభమే.

వాహన పూజ తప్పకుండా చేయించు. కొబ్బరికాయ కొట్టు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టు, దిష్టి తీయించు. కానీ నిమ్మకాయ తొక్కించిన చక్రం ఆ సాయంత్రమే అదుపు లేని వేగంతో వెళితే, ఆ నిమ్మకాయ మాత్రం ఏం చేస్తుంది? పూజ గుడి ముందు మొదలవుతుంది, ఆ తర్వాత ప్రతిరోజూ సీటు బెల్టు పెట్టుకునే చేతితో కొనసాగాలి.

చైత్రమాసం తిరునాళ్ళలో చెన్నకేశవ స్వామి రథం కదులుతుంది కదా. ముందు తాళ్ళు పట్టి లాగేవాళ్ళు వందల మంది ఉంటారు, అందరి చూపూ వాళ్ళ మీదే. చక్రాల పక్కనే చెక్కలు పట్టుకుని, ఎక్కడ అడ్డం వేయాలో చూసుకుంటూ నడిచేవాళ్ళు కొద్దిమందే. వాళ్ళని ఎవరూ చూడరు. సాక్షాత్తూ స్వామి కూర్చున్న రథానికే ఆపే మనిషి అవసరమైతే, మన బండికి అవసరం లేదా? లాగే బలాన్ని డబ్బు పెట్టి కొనుక్కోవచ్చు. ఆపే బుద్ధిని మాత్రం స్వామిని అడిగి తెచ్చుకోవాలి.

ఆ బుద్ధిని చెన్నకేశవుడు మన పిల్లలందరికీ, దూరదేశాల్లో ఉన్నవారికి మరీ ముఖ్యంగా, ప్రసాదించుగాక. ఈ మాటలు మీ ఇంట్లో కొత్తగా బండి కొనబోయే పిల్లలకి చదివి వినిపించండి.

శుభం భూయాత్.