బాలుర స్థూలకాయము – ప్రేరకుని బాధ్యత

మన దేశమున బాలుర దేహస్థితిని గూర్చి చర్చ వచ్చినప్పుడెల్ల ఆకలియే మొదట జ్ఞాపకమునకు వచ్చును. అది న్యాయమే. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేక్షణ ప్రకారము, అయిదేండ్ల లోపు శిశువులలో నూటికి 35.5 మంది వయస్సునకు దగిన యెత్తు ఎదుగనివారు. కాని యా సర్వేక్షణయే మఱియొక సంఖ్యను గూడ చూపినది. అదే వయస్సున అధికభారము గలవారు 2015–16లో నూటికి 2.1 మంది యుండగా, 2019–21 నాటికి 3.4 మంది యైరి. సంఖ్య చిన్నదే, అది పోవుచున్న దిక్కు మాత్రము మంచిది కాదు.

ఇందులకు బాధ్యు లెవరని యడిగినచో, తల్లిదండ్రులని ప్రత్యుత్తరము సిద్ధముగ నున్నది. చిఱుతిండ్ల వర్తకు లీ మాటను మిక్కిలి వినయముతో జెప్పుదురు. కొనియిచ్చినది తండ్రి, డబ్బాలో బెట్టి పంపినది తల్లి. మేము వస్తువును జూపితిమే గాని నోట గ్రుక్కలేదు గదా యని వారి వాదము.

మన పూర్వులు ఒక కార్యపు ఫలమునకు నలుగురిని భాగస్వాములుగా లెక్కించిరి: చేసినవాడు, చేయించినవాడు, పురికొల్పినవాడు, సమ్మతించి యూరకున్నవాడు. నలుగురికిని సమభాగమే యనిరి. బాధ్యత పిత్రార్జితమైన పొలము కాదు, ఒకరికి హెచ్చిన మఱియొకరికి తఱుగుటకు. తండ్రి తప్పు చేసినాడని ఋజువైనంతమాత్రమున వర్తకుడు నిర్దోషి కాజాలడు. ఇంతవరకు మాకు సమ్మతమే. సమభాగమను మాటను మాత్ర మంగీకరింపలేము. కాదనుటకు శక్తి గలవానికిని లేనివానికిని భాగము సమ మెట్లగును?

చట్ట మీ భేదము నెఱుగనిది కాదు. మైనరు వ్రాసియిచ్చిన తనఖాపత్రము చెల్లదని 1903లో మొహరీ బీబీ వ్యాజ్యమున ప్రీవీ కౌన్సిలు తీర్పు చెప్పినది. ఏడేండ్లు నిండని శిశువు చేసినది నేరమే కాదని నేటి భారతీయ న్యాయసంహితయు చెప్పుచున్నది. సంతకమునకు విలువ లేని యీ బాలుని కోరికకు మాత్రము విపణిలో గొప్ప వెల యున్నది!

ప్రకటనకర్త పెద్దలతో మాటాడినచో మాకంత యాక్షేపణ లేదు. పెద్దవాడు వెల యడుగును, అనుమానించును. ఎనిమిదేండ్ల లోపు పిల్లలు ప్రకటన యందలి వ్యాపారోద్దేశమును గుర్తింపజాలరని అమెరికను మనస్తత్త్వ సంఘము వారి విచారణ సమితి 2004లోనే తేల్చినది. కార్టూను బొమ్మలు, పాటలు, పొట్లములో దాచిన ఆటవస్తువులు ఎవరికొఱకు? ఇవి తండ్రి నొప్పించుటకు గావు, తండ్రిని దాటిపోవుటకు. బాలు డంగడి ముందు నేలబడి యేడ్చును. నలుగురు చేరి చూతురు. పగలంతయు కూలి చేసి వచ్చిన తల్లి అయిదు రూపాయ లిచ్చి యా యేడ్పు మాన్పును. దీనిని తల్లి స్వేచ్ఛగా జేసిన నిర్ణయమని చెప్పు వర్తకుడు, ఆమె యధికారమును ముందుగ దానే పడగొట్టి, పిదప దాని చాటున దాగుచున్నాడు. మా యభిప్రాయమున అసలు దోష మిదియే. ఉప్పు, చక్కెర, నూనె యనునవి దీని తరువాతివి.

అన్నము తినిపించుటకు ఫోను చేతికిచ్చు గృహస్థులను మేము విడిచిపుచ్చుట లేదు. వారు కూలివారు గారు, తీరిక లేనివారును గారు. పాఠశాలలు మాత్ర మేమి? తీపి పానీయపు పేరు గల తోరణము గట్టి ఆటలపోటీలు జరిపిన పాఠశాలను మే మెఱుగుదుము. అట్టి పానీయము 300 మిల్లీలీటర్లలో సుమారు 30 గ్రాముల చక్కెర యుండును. పరుగుపందెమున గెలిచినవానికి బహుమానముగ నిచ్చిన దదియే.

ఇంతలో నింద మోయువా డెవడు? ఏనుగుపిల్ల యని తోటివారు పేరు పెట్టిన బాలుడు. కబడ్డీ జట్టులోనికి వానిని పిలువరు. తిండిపోతని ఉపాధ్యాయుడును నవ్వును. నలుగురిలో అందఱికంటె తక్కువ భాగము గలవాడు శిక్షను తన దేహముననే యనుభవించుచున్నాడు.

కెనడాలోని క్వెబెక్ రాష్ట్రము 1980 నుండి పదుమూడేండ్ల లోపువారి నుద్దేశించిన వ్యాపార ప్రకటనలను నిషేధించినది. ఆటబొమ్మల కంపెనీ యొకటి వాక్స్వాతంత్ర్యమునకు భంగమని వ్యాజ్యము వేయగా, 1989లో ఆ దేశపు సుప్రీం కోర్టు నిషేధమునే నిలిపినది. చిలీ దేశము 2016 నుండి చక్కెర, ఉప్పు మితిమీరిన పొట్లములపై నల్లని హెచ్చరిక ముద్రలు వేయించి, కార్టూను బొమ్మలను తొలగించినది. మనకును నియమములు లేకపోలేదు. పిల్లల కార్యక్రమములందు జంక్ ఫుడ్ ప్రకటనలు కూడదని 2022 నాటి మార్గదర్శకములు చెప్పినవి. పిల్లలు మాత్రము పెద్దలతో గూర్చుండి క్రికెట్టు చూచుచున్నారు. పాఠశాల గేటునుండి 50 మీటర్లలో నట్టి తిండి యమ్మరాదని 2020 నాటి నిబంధన.

గేటునొద్ద నిలిచి చూచినచో మొదటి బండి పది మీటర్లలోపే యుండును. పొట్లములు దండలవలె వ్రేలాడుచుండును. బండివాడు బీదవాడు, వానిని లేవగొట్టుట సులభము. మే మెఱిగిన యొకచోట రెండుమారులు లేవగొట్టిరి. మూడవ వారమున మఱియొకడు అవే పొట్లములతో వచ్చి యచ్చటనే నిలిచెను.