ఏ చెయ్యి మైల?

మా ఊళ్ళో పెద్దకులాల పిల్లల్ని ఈ లోకంలో మొదట అంటింది మా నాయనమ్మ చెయ్యి. ఆమె మంత్రసాని. అర్ధరాత్రి మాదిగవాడకు మనిషినంపి పిలిపించేవాళ్ళు. బిడ్డను పట్టేది, బొడ్డు కోసేది, మాయ పూడ్చిపెట్టేది. పురుడు వెళ్ళాక వాళ్ళు తలంట్లు పోసుకుని ఇల్లంతా కడుక్కునేవాళ్ళు. ఇక ఆమె ఆ గడప తొక్కకూడదు. చేటలో బియ్యం, ఓ పాతకోక వాకిట్లో పెట్టేవాళ్ళు. తను పట్టిన బిడ్డే పెద్దోడై "ఏమే" అంటే "అయ్యా" అని పలికేది.

నేను జీఎన్ఎం చదివి నర్సునయ్యాను. ఇరవై ఏళ్ళకు పైగా నెలలు నిండని పిల్లల వార్డులో పనిచేస్తున్నాను. నాయనమ్మ పనికి లేని యూనిఫాం, సర్టిఫికెట్టు, జీతం నాకొచ్చాయి. వాటితోపాటు ఒక ప్రశ్న కూడా వచ్చింది. మన చెయ్యి అంటితే మైల అనుకునేవాళ్ళ బిడ్డను మనమెందుకు బతికించాలి?

ముందు మైల సంగతి చూద్దాం. మా వార్డులోకొచ్చే ప్రతివాళ్ళూ గాజులు, ఉంగరాలు తీసి మోచేతుల దాకా చేతులు కడుక్కోవాలి. పెద్ద డాక్టరైనా, ఆయమ్మైనా, కన్నతండ్రైనా ఒకటే. సూక్ష్మజీవికి కులం లేదు గనక సబ్బుకూ లేదు. ఆస్పత్రి శుభ్రత అన్ని చేతుల్నీ అనుమానిస్తుంది. మడి కొన్ని చేతుల్నే అనుమానిస్తుంది, ఎంత కడిగినా ఒప్పుకోదు. 2020లో కరోనా వచ్చినప్పుడు, మన పూర్వీకుల మడీ ఆచారమూ ఇందుకేనని మురిసిపోయిన పెద్దమనుషులున్నారు. ఈ తేడాకు వాళ్ళు జవాబు చెప్పాలి.

ఇంకో సంగతి. 1978లో కొలంబియా దేశంలో, బొగోటాలో, ఇంక్యుబేటర్లు చాలక డాక్టర్లు తక్కువ బరువు పిల్లల్ని తల్లి గుండెలకు కట్టి, ఒంటికి ఒళ్ళు తగిలేలా ఉంచారు. ఇప్పుడు కంగారూ సంరక్షణ అంటున్నది దాన్నే. రెండున్నర కిలోల్లోపు పుట్టిన బిడ్డకు ఆ వెచ్చదనం ప్రాణాధారం. తల్లికి వీలుకాకపోతే తండ్రో అమ్మమ్మో కట్టుకోవచ్చు. అంటే మనిషి మనిషిని అంటడమే ఒక మందు. ఈ దేశం తరతరాలుగా దాన్నే తప్పు చేసింది. 1950లో అమల్లోకొచ్చిన రాజ్యాంగం 17వ అధికరణంతో అంటరానితనాన్ని రద్దుచేసింది. నోటిమీది ప్రశ్నను మాత్రం రద్దుచెయ్యలేకపోయింది.

ఒక రాత్రి, కిలోన్నర కూడా లేని బిడ్డకు సెలైన్ కోసం నరం వెతుకుతున్నాను. "మీరేవిట్లమ్మా?" అంది ఆ బిడ్డ నాయనమ్మ. చెప్పాను. "ఇంకో సిస్టరు లేదా?" అంది. నా వేళ్ళకింద దారప్పోగంత నరం. బిడ్డ ఊపిరి ఆగి ఆగి వస్తోంది. ఆ క్షణంలో నేను చెయ్యి వెనక్కి తీసుకుంటే? అవమానించింది ముసలామె, శిక్ష పడేది బిడ్డకు. పుట్టుకను చూసి శిక్ష వెయ్యడమేగదా కులం! ఆ బిడ్డ ఫలానా కడుపున పుట్టిందని నేను చెయ్యి తీసేస్తే మనువే నా చేతిలోంచి పనిచేసినట్టు. తియ్యలేదు. సూది పెట్టి, ప్లాస్టరు వేసి అప్పుడన్నాను: "ఈ రాత్రికి ఈ చెయ్యే ఉందమ్మా."

ఓర్పు, క్షమ అనుకుంటారేమో, కాదు. 1897లో పూనాలో ప్లేగు వచ్చినప్పుడు సావిత్రీబాయి ఫూలే ఒక మహర్ పిల్లవాణ్ణి వీపున మోసుకుని కొడుకు నడిపే వైద్యశాలకు తీసుకెళ్ళింది. ఆ ప్లేగే అంటుకుని మార్చి 10న చనిపోయింది. అంటడానికి భయపడని ఆ చెయ్యి మన వారసత్వం.

అయితే బిడ్డకు బాకీ వేరు, సమాజానికి ఊడిగం వేరు. మే 12 నర్సుల రోజున పువ్విచ్చి "దేవతలు, సేవామూర్తులు" అంటారు. దేవతకు జీతం అడిగే హక్కుండదుగదా! మా పని జాలి కాదు, చదువు. పిల్లల మందు కిలో బరువును బట్టి లెక్కగడతాం. ఒక్క దశాంశ బిందువు తప్పితే పదింతల మోతాదు. పిల్లల సెలైన్ సెట్టులో 60 చుక్కలు ఒక మిల్లీలీటరు. కళ్ళు మూతలుపడే నాలుగో జామున కూడా ఆ చుక్కలు లెక్కపెడతాం. 2016లో సుప్రీంకోర్టు చెబితే కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల్లోపు ప్రైవేటు ఆస్పత్రిలో కూడా నర్సు జీతం నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదంది. మీ వాడలోంచి నర్సులైన ఆడపిల్లల్ని అడగండి, ఎంత చేతికొస్తోందో!

చెల్లెళ్ళారా, పిల్లల నర్సింగులోకి రండి. మీ చెయ్యి ఏ బిడ్డకైనా ఇవ్వండి, బిడ్డ కులం చూడకండి. కానీ దాన్ని సేవ అనకండి, అననివ్వకండి. పని అనండి. పనికి కూలి, చదువుకు గౌరవం, ఉండటానికి కులమడగని అద్దెయిల్లు అడగండి. చేటలో పెట్టి వాకిట్లో ఇచ్చేది ఇక పుచ్చుకోవద్దు.