ఎవరి పాలెంత?

ఒకే కడుపున పుట్టి, ఒకే ఇంట్లో పెరిగిన పిల్లలిద్దరూ రెండు రకాలుగా తయారైతే లోకం తీర్పు చెప్పడానికి క్షణం ఆలస్యం చెయ్యదు. పైకొచ్చినవాడిది తండ్రి పోలిక, చెడినవాడిది తల్లి గారాబం! ఈ తీర్పు న్యాయమేనా అన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా వేధిస్తోంది. బి.ఏ. చదివినదాన్ని, నాకు సైన్సు అంతంతమాత్రం. అయినా ఈ ప్రశ్నకి దగ్గరగా వచ్చిన మాట నాకు వేదాంతంలో కాదు, జెనీవా దగ్గర భూమి అడుగున దొరికింది.

అక్కడ సెర్న్ సంస్థవారు 27 కిలోమీటర్ల చుట్టుకొలత ఉన్న సొరంగంలో సీసపు పరమాణు కేంద్రకాలను ఇంచుమించు కాంతి వేగంతో పరుగెత్తించి, 2010 నవంబరులో మొదటిసారి ఢీకొట్టించారు. ఒక్కో కేంద్రకంలో ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపి 208. ఢీకొన్నచోట సూర్యుడి నడిబొడ్డుకన్నా లక్ష రెట్లు మించిన వేడి పుట్టి, వేలకొద్దీ కొత్త కణాలు చిమ్ముతాయి. అదే సీసం, అదే వేగం. అయినా ఏ రెండు ఢీలూ ఒక్కలా ఉండవు. ఒకదాంట్లో కణాలు ఎక్కువ, ఇంకోదాంట్లో తక్కువ.

మనమైతే వెంటనే ఎవరో ఒకరిని బోనులో నిలబెడతాం. వాళ్ళు ముందు ఒక లెక్క వేస్తారు. ఏ కారణమూ లేకుండా, ఊరికే ఎంత తేడా రావచ్చు? కణాలు దేనికది విడిగా పుడుతుంటే, సగటున 100 రావలసిన చోట ఓ పది అటూ ఇటూ కావడం మామూలేనట. 90 వచ్చిందని నేరస్థుణ్ణి వెతకరు.

ఇంకో సంగతి. రెండు కేంద్రకాలు నడిమధ్య తగలాలా, అంచులు రాసుకుపోవాలా అన్నది ఎవరి చేతిలోనూ లేదు. అందుకని తగిలిన తీరు అంచనా కట్టి, గుంపులుగా విడదీసి, ఒక గుంపులోవాటినే పోల్చి చూస్తారు. అంచు రాసుకుపోయినదాన్ని పట్టుకుని "నీకేం రోగం, దాన్ని చూసి నేర్చుకో" అనరన్నమాట! మరి మనం? తండ్రి ఉద్యోగం నిలకడగా ఉన్న రోజుల్లో చదువుకున్న పెద్దవాణ్ణీ, అది ఊడిన రోజుల్లో చదువుకున్న చిన్నవాణ్ణీ ఒకే తక్కెట్లో వేస్తాం. మా వీధిలో ఒకావిడ ఈ తూకానికి జడిసి పెళ్ళిళ్ళకి వెళ్ళడమే మానేసింది.

సగటు చేసే మోసం కూడా 2010లోనే బయటపడింది. కేంద్రకాలను నున్నటి బంతుల్లా ఊహించుకుని, అవి పక్కవాటుగా ఢీకొన్నచోటు బాదంగింజ ఆకారంలో ఉంటుందని లెక్కలు కట్టేవారు. నిజానికి లోపలి ప్రోటాన్లు, న్యూట్రాన్లు ప్రతిసారీ వేరువేరు చోట్ల ఉంటాయి కనుక ముక్కోణపు ఆకారమూ ఏర్పడుతుంది. ఒక్కో ముక్కోణం ఒక్కో దిక్కుకి తిరిగి ఉంటుంది. అన్నిటికీ సగటు తీస్తే చెరిగిపోతుంది. బురాక్ ఆల్వెర్, గుంటర్ రోలాండ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దీన్ని ఎత్తిచూపేదాకా దాన్నెవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఇదంతా విని "అయితే అంతా తలరాతే" అని చేతులు దులుపుకోవడానికీ లేదు. ఊరికే వచ్చే తేడాని తీసేశాక మిగిలినదాని వెనక కారణం ఉంటుంది. వాళ్ళ వెతుకులాటంతా దానికోసమే. కాకపోతే, వాళ్ళకి లెక్క తేల్చుకోవడానికి కోట్లకొద్దీ ఢీలున్నాయి. తల్లికి ఉన్నది ఇద్దరు పిల్లలు, ఒక్క జీవితం. ఇందులో నీ పాలు ఇంత అని ఏ లెక్కతో చెబుతారు?