కదలలేని చెట్టును కదలించుట ధర్మమా?

చెట్టు మొలచిన చోటనే నిలిచియుండును. చెట్టుజాతి మాత్రము నిలిచియుండదు. గాలి, నీరు, పక్షులు దాని విత్తనమును మోసికొనిపోవును. హిమయుగమున ఉత్తర అమెరికాను మంచు కప్పినప్పుడు అడవులు దక్షిణమునకు తగ్గెను; మంచు కరగిన పిదప వేలయేండ్లలో మరల ఉత్తరమునకు సాగెను. నేడు బొగ్గు, చమురు కాల్చుటచే భూమి వేడెక్కుచున్నది. ఈ వేగమునకు విత్తనముల నడక చాలుట లేదు. పొలములును, పట్టణములును వాటి త్రోవకు అడ్డుపడుచున్నవి.

అట్లయిన మానవుడే విత్తనమును మోయవచ్చునా? అమెరికాలో ఈ ప్రశ్న ఒక చిన్న చెట్టును గూర్చి పుట్టినది. ఫ్లోరిడా టొరేయా యను సతతహరిత వృక్షము అపలాచికోలా నదీప్రాంతమున మాత్రమే సహజముగా పెరుగును. గత శతాబ్ది మధ్యకాలమున తెగులు సోకి పెద్దచెట్లు దాదాపు నశించెను. మిగిలినవి మోళ్ళనుండి చిగిర్చి, కాయ కాయకమునుపే ఎండుచున్నవి. 1984లో ప్రభుత్వము దీనిని అంతరించు ప్రమాదమున్న జాతిగా ప్రకటించెను. హిమయుగమున దక్షిణమునకు చేరిన ఈ చెట్టు తిరిగిపోలేక అచ్చట చిక్కుకొన్నదని కొందరు తలంచిరి. టొరేయా గార్డియన్స్ అను స్వచ్ఛంద బృందము 2008లో 31 మొక్కలను నార్త్ కరోలైనా కొండలలో, వేన్స్‌విల్ సమీపమున నాటెను.

దీనిని తప్పుపట్టినవారును కలరు. వారి మాట త్రోసివేయరానిది. ఆసియా చెట్లతో వచ్చిన ఒక శిలీంధ్రము 1904లో న్యూయార్కున కనబడి, కొలది దశాబ్దములలో అమెరికా చెస్ట్‌నట్ వృక్షములను కోట్లకొలది కూల్చెను. నాటువాడు మేలే తలచవచ్చును. తెగులు అతని తలంపు నెరుగదు.

సముద్రములు దాటిన కూలీల సంతతికి ఈ వాదము క్రొత్త కాదు. 1860లో ట్రూరో ఓడ మద్రాసునుండి కూలీలను నాటాలునకు చేర్చెను. మారిషస్సునకును, ఫిజీకిని పోయినవారును కలరు. మేలు కలుగునని ఆశ చూపియే అనేకులను ఓడ నెక్కించిరి. లాభము తోటల యజమానులది; కష్టము కూలీలది. కావున "నీ మేలు కొరకే" యను మాట ధర్మమునకు సాక్ష్యము కాదు. లాభ మెవరిది? నష్టము నెవరు భరింతురు? నాటిన పిదప కాచువా డెవడు? ఇవియే గీటురాళ్ళు.

టొరేయాను నాటినవారు లాభము కోరలేదు. మొక్కల పెరుగుదలను గమనించుచు వచ్చిరి. రెండవ ప్రశ్నకు మాత్రము పూర్తి సమాధానము లేదు. తెగులు వ్యాపించినచో నష్టము పొరుగు అడవిది. అందుచేత ముందుగా పరీక్షించి, కొద్దిగా నాటి, చిరకాలము కాచుట విధి. 2023లో అమెరికా ప్రభుత్వము ప్రమాదమున నున్న జాతులను పూర్వనివాసమునకు వెలుపల ప్రయోగముగా నెలకొల్పుటకు వీలు కల్పించుచు నియమమును సవరించెను. వీలు కలిగినంతమాత్రమున ధర్మసంశయము తీరదు.

అయినను ఊరకుండుట నిర్దోషము కాదు. ఇంటికి నిప్పంటించినవాడు తలుపు తెరవక నిలుచుట మరియొక అపరాధము. తలుపు తెరచుటకన్న ముందు నిప్పు నార్పవలెను. స్వస్థలమున చెట్టు బ్రతుకగలిగినచో దానిని మోయు పనియే యుండదు.