సంతాన నిర్ణయము – గృహిణి సమ్మతి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో వరినాట్ల దినములు వచ్చినచో స్త్రీలు ముఠాలు కట్టి, ఎకరమునకు ఇంత గుత్త యని రైతుతో బేరమాడి, వచ్చిన కూలిని పంచుకొందురు. అంతటి మాటనేర్పు గల స్త్రీ తనకెందరు బిడ్డలు కావలెనో, ఎప్పుడు చాలించవలెనో తన యింట చెప్పగలుగుచున్నదా? పెక్కిండ్లలో ఆ మాట అత్తగారు కదుపును, భర్త తేల్చును. కోడలు ఆసుపత్రిలో కాగితముపై సంతకము చేయును.

సంతకము వేరు, సమ్మతి వేరు. కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సకు ఆమె సంతకము చాలును, భర్త అనుమతి అక్కరలేదని ప్రభుత్వ నియమములే చెప్పుచున్నవి. గర్భవిచ్ఛిత్తికి సంబంధించిన 1971 నాటి చట్టము సైతము వయస్సు వచ్చిన స్త్రీ సమ్మతినే కోరును. చట్టమిచ్చిన యీ యధికారము వంటింటి గడప దాటి లోనికి రాలేదు.

పెద్దల మాట వినుట ధర్మము కాదా యని కొందరడుగుదురు. వినవలసినదే. కాని సలహా చెప్పుట వేరు, ఆమెకు బదులుగా తామే నిశ్చయించుట వేరు. నొప్పి యెవరి దేహమునకో తుదిమాట వారిది కావలదా? శరణుల చరిత్రలో ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యము ఏరి తెచ్చి దాసోహము నడిపెడివాడు. ఒకనాడతడు ఎక్కువ తేగా, అక్కరకు మించినదానిని మరల అక్కడనే పోసి రమ్మని ఇల్లాలు లక్కమ్మ చెప్పెను. ఆ యింటికెంత చాలునో నిర్ణయించినది ఆమె. మారయ్య దానిని చిన్నతనముగా నెంచలేదు.

కుటుంబ నియంత్రణ పథకము మన దేశమున 1952లో ఆరంభమైనది. 1975-77 నాటి అత్యవసర పరిస్థితిలో పురుషులకు బలవంతముగా శస్త్రచికిత్సలు చేయగా ప్రజలు మండిపడిరి. పిమ్మట భారమంతయు స్త్రీల మీదికి ఒరిగినది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, దేశమందలి వివాహిత స్త్రీలలో నూటికి 38 మంది తామే ఆపరేషన్ చేయించుకొన్నవారు. భర్త చేయించుకొన్న దంపతులు నూటికి ఒక్క జంటయు లేరు. తెలంగాణమున స్త్రీల లెక్క నూటికి 60 దాటినది.

2022 ఆగస్టులో రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నమున ఒక్క దినమున 34 మంది స్త్రీలకు ఈ చికిత్స చేయగా నలుగురు మరణించిరి. పసిబిడ్డల తల్లులు వారు. పురుషుని చికిత్సలో పొట్ట తెరువ పనిలేదు. కొలది నిమిషములలో ముగియును. మూడు నెలలు జాగ్రత్త వహించి, పరీక్ష చేయించుకొన్న చాలును. అయినను బరువులెత్తు మగవాడు నీరసించునని సాకు! నెలలు తిరుగక మునుపే నాట్లలో వంగు కోడలి నడుమును గూర్చి ఆ సాకు చెప్పువారు తలచినట్లు లేదు.