వైరమునకు అవధి

ఒక పరిపాలకుని శాసనముల వలన జీవనోపాధిని పోగొట్టుకొన్న మనుష్యుడు, ఆ పరిపాలకుడు మరణించెనను వార్త విని సంతసించుట ధర్మమా, అధర్మమా అను ప్రశ్న నీతిశాస్త్రములలో చిరకాలముగా నున్నదే. కాని దానికి సమాధానము చెప్పవలసిన అగత్యము ఒక దేశపు వీథులలోను, పత్రికాకార్యాలయములలోను, శాసనసభలోను, దేవాలయములోను ఏకకాలమున కలుగుట అరుదు. 2013 ఏప్రిల్ 8వ తేదీన బ్రిటన్ మాజీ ప్రధాని మార్గరెట్ థాచర్ తన 87 సంవత్సరముల వయస్సున లండన్ నగరమున మరణించినప్పుడు అట్టి అగత్యము కలిగినది. ఆనాటి సాయంకాలమే లండన్‌లోని బ్రిక్స్‌టన్ పేటలోను, గ్లాస్గోలోని జార్జి స్క్వేరులోను జనులు గుమిగూడి ఆమె మరణమును పండుగ చేసికొనిరి. ఆ వారాంతమున ట్రఫాల్గర్ స్క్వేరులో వానకు తడియుచునే మరికొందరు ఆడిపాడిరి. 17వ తేదీన లండన్‌లో అంత్యక్రియలు జరుగుచుండగా, దక్షిణ యార్క్‌షైరులోని గోల్డ్‌థార్ప్ అను బొగ్గుగనుల గ్రామమున ఆమె దిష్టిబొమ్మను శవపేటికలో నుంచి ఊరేగించి తగులబెట్టిరి.

ఇంతటి క్రోధమునకు మూలమేమి? 1979 నుండి 1990 వరకు, మూడు సార్వత్రిక ఎన్నికలలో వరుసగా గెలిచి, ఆమె ప్రధానిగా నుండెను. కార్మికసంఘముల నిరంకుశత్వము నుండి దేశమును విడిపించినదని, ప్రభుత్వపు ఇండ్లలో అద్దెకున్నవారిని ఆ ఇండ్లకే యజమానులను చేసినదని ఆమె అభిమానులు కీర్తింతురు. ఆ కీర్తనయందు సత్యాంశము లేకపోలేదు. కాని 1984 మార్చిలో 20 గనుల మూసివేతకు, 20,000 ఉద్యోగముల తొలగింపునకు బొగ్గుశాఖ పూనుకొనగా గని కార్మికులు సమ్మె కట్టి, ఏడాదికాలము పస్తులుండి, తుదకు ఓడి పనిలోనికి మరలిరి. ఆ సమ్మె నడుమ ఆమె వారి నాయకులను దేశములోపలి శత్రువులతో పోల్చుట ఆ గ్రామములు మరువలేదు. జూన్ 18న ఆర్‌గ్రీవ్ కోకు కర్మాగారము కడ పోలీసులకును కార్మికులకును ఘోరమగు ఘర్షణ జరిగినది. అందు 95 మందిపై మోపిన అభియోగములు న్యాయస్థానమున నిలువక వీగిపోయెను. 1991లో పోలీసుశాఖ 39 మందికి 4,25,000 పౌండ్ల పరిహారము చెల్లించెను. ఇంతలో సంపదతో నిమిత్తము లేక తలకింతయని విధింపబడిన పన్ను స్కాట్లండున 1989లోను, ఇంగ్లండు వేల్సులలో 1990లోను అమలునకు రాగా, 1990 మార్చి 31న లండన్ వీథులలో రమారమి రెండులక్షల జనము నిరసన సలిపి, ఆ సాయంకాలము ట్రఫాల్గర్ స్క్వేరు రణరంగమైనది.

ఇట్టి చరిత్రగల ఒక వ్యక్తి మరణించినప్పుడు పత్రికలు చేయదగిన పని ఆ చరిత్రను విచారించుట. కాని జరిగినది వేరు. 1939 నాటి ‘ది విజర్డ్ ఆఫ్ ఆజ్’ అను చలనచిత్రమునందలి, మంత్రగత్తె చచ్చినదని గంతులు వేయు పాటను ఆమె విరోధులు వేలసంఖ్యలో కొనుగోలు చేయగా, అది ఆ వారపు జనాదరణ పట్టికలో రెండవస్థానమునకు ఎక్కినది. అంతట ఆ పాటను ఆకాశవాణిలో వినిపింపవచ్చునా, వినిపింపరాదా అను వాదము దేశమంతటను చెలరేగెను. వినిపించిన మృతురాలికి అవమానము, మానిన వాక్స్వాతంత్ర్యమునకు భంగము. ఈ రెంటికిని నడుమ చిక్కిన బీబీసీ, పాటలో నైదు సెకండ్ల పాటి భాగమును మాత్రము, అదియు ఒక వార్తాంశములో నిమిడ్చి, ప్రసారము చేసినది. డెయిలీ మెయిల్ వంటి పత్రికలు పండుగ చేసికొన్నవారి ద్వేషమును మొదటిపుటలలో ఖండించినవి. విరుద్ధపక్షపు చిన్నపత్రికలు హర్షము ప్రకటించినవి. ద్వేషము ఛాయాచిత్రమునకు సులభముగా లొంగును, కారణము లొంగదు. దిష్టిబొమ్మ మంటలు పుటనిండ ముద్రింపవచ్చును కాని, ఒక గ్రామమున ముప్పది సంవత్సరముల పాటు క్రమక్రమముగా మూతపడిన దుకాణములను, పనిలేక వీథి చివర నిలుచున్న యువకులను ఒక చిత్రమున చూపుట ఎట్లు? కావున ఆమె ఏమి చేసినదను ప్రశ్న మరుగుపడి, వీరు మర్యాదగా నడచికొనిరా లేదా యను ప్రశ్న పైకి వచ్చినది. న్యాయవిచారణ శిష్టాచార విచారణయై ముగిసినది.

ఈ సందర్భమున మన ఇతిహాసములయందలి ఒక ఘట్టము స్మరింపదగి యున్నది. రావణుడు నేలకూలిన పిమ్మట, అన్నకు సంస్కారము చేయుమని రాముడు విభీషణు నాదేశింపగా, అతడు మొదట వెనుదీసెను. ధర్మము విడిచినవాడు, క్రూరుడు, పరభార్యల నపహరించినవాడు, అన్నయన్న పేరేగాని పూజార్హుడు కాడు, అట్టివానికి తాను కర్మ చేయనని విభీషణుని వాదము. రాముడు చెప్పిన సమాధానము యుద్ధకాండమునందు సుప్రసిద్ధము. వైరము మరణముతో తీరునని, తమ ప్రయోజనము నెరవేరినదని, ఇక నతడు నీకెట్టివాడో నాకును అట్టివాడేయని అతని భావము. ఈ మాటను మనవారు తరచు ఉదాహరింతురు కాని, దాని పూర్వభాగమును విస్మరింతురు. రావణుడు అధర్మపరుడును అనృతవాదియు నైనను తేజస్వి, బలవంతుడు, శూరుడు అని రాముడు అచ్చటనే చెప్పెను. అనగా రావణుని దోషమును రాముడు కొట్టివేయలేదు, గుణమును దాచలేదు, విభీషణుని నోటనుండి ఒక్క స్తుతివాక్యము నైనను కోరలేదు. అతడు కోరినది సంస్కారము మాత్రమే. సంస్కారము దేహమునకు, తీర్పు కర్మకు. ఈ రెండును వేరువేరను వివేకమే ఆ ఘట్టమునందలి ధర్మసారము.

భారతము ఈ ప్రశ్నను మరింత నిర్దాక్షిణ్యముగ పరీక్షించినది. తొడలు విరిగి నేలపై పడియున్న దుర్యోధనుని శిరమును భీముడు ఎడమకాలితో తన్నినప్పుడు, పన్నెండేండ్ల అడవిపాట్లును ద్రౌపది పరాభవమును ఎరిగిన మనకు భీముని కోపము అర్థము కాకపోదు. ఐనను ధర్మరాజు అతనిని వారించెను. అంతటితో ధర్మరాజు పరీక్ష ముగిసినదా? లేదు. తిక్కన తెనిగించిన స్వర్గారోహణపర్వమున, ఆ ధర్మరాజే స్వర్గమున సింహాసనాసీనుడై వెలుగుచున్న దుర్యోధనుని చూచి సహింపలేక మొగము త్రిప్పుకొనెను. స్వర్గమున వైరములకు తావులేదని నారదుడు చెప్పినను, తనవారున్న చోటికే పోవుదునని అతడు పట్టుపట్టెను. అజాతశత్రువన్న బిరుదు వహించినవానికే ద్వేషము స్వర్గద్వారము దాటి వెంటవచ్చినదని వ్యాసుడు చెప్పుటలో, గోల్డ్‌థార్ప్ గ్రామస్థుల పట్ల మనకు కొంత ఓర్పు నేర్పు ఉపదేశము కలదు. వారిని రాక్షసులని నిందించుటకు ముందు, ధర్మరాజంతటివానికిని అది దుస్సాధ్యమైనదని తలచుకొనుట మేలు.

ఇచ్చట నొక ఆక్షేపణ పుట్టును. ఏటేట నరకచతుర్దశినాడు నరకాసురుని బొమ్మను కాల్చి దీపావళి జరుపుకొను మనము, పరదేశమున ఒకరి బొమ్మను కాల్చినవారికి నీతి బోధించుట హాస్యాస్పదము కాదా? ఆక్షేపణ బలమైనదే. కాని కథను నిదానించి చూడవలెను. నరకుని మరణముతో వాని చెరలోని పదునారువేల స్త్రీలకు విడుదల కలిగినది. లోకము భయము నుండి బయటపడినది. దీపములు వెలిగించుట ఆ విముక్తికి. థాచర్ మరణము వలన 2013లో ఎవరికి ఏ చెర విడినది? అప్పటికి ఆమె అధికారము వీడి ఇరువది రెండేండ్లు గడచినవి. ఏ గనియు తెరువబడలేదు, ఏ శాసనమును రద్దు కాలేదు. 1990 నవంబరులో స్వపక్షీయులే ఆమెను ప్రధానిపదవి నుండి తప్పుకొనునట్లు చేసిననాడు ఆమె విరోధులు సంతసించిరనిన అందు అర్థము కలదు. ఆ తలపన్నును ఆమె వారసులు ఎత్తివేసి, 1993లో దాని స్థానమున వేరుపన్ను నెలకొల్పినప్పుడు నిరసనకు ఫలము దక్కినది. జనాందోళనకు లక్ష్యము కర్మయే గాని కర్త కాదనుటకు ఇంతకన్న నిదర్శనము వలదు. కర్మను తొలగించిన ఆందోళన గెలిచినది. వృద్ధాప్యమున రోగముతో పోయిన దేహమును చూచి గెలిచితిమనుకొనుట భ్రాంతి. ఆ మృత్యువు మంత్రిని గొనిపోయినట్లే గని కార్మికునిని గొనిపోవును. దానిని తమ పక్షపు విజయముగా లెక్కింప నెవరికిని అధికారము లేదు.

కాని రెండవ భ్రాంతి మొదటిదానికన్న సూక్ష్మము, కనుకనే అధికప్రమాదకరము. మరణించినవారిని నిందింపరాదను సదాచారమును అడ్డుపెట్టుకొని, వారి కర్మను విచారింపనే రాదని శాసించుట ఆ భ్రాంతి. ఏప్రిల్ 10న పార్లమెంటును ప్రత్యేకముగా పిలిపించి మృతురాలికి నివాళులర్పించుచుండగా, పూర్వాశ్రమమున ప్రఖ్యాత నటియైన ప్రతిపక్షసభ్యురాలు గ్లెండా జాక్సన్ లేచి, ఆ పరిపాలన వలన తన నియోజకవర్గమున దారిద్ర్యము, నిరాశ్రయత, స్వార్థపరత్వము ఎట్లు పెరిగినవో నిష్కర్షగా చెప్పెను. అధికారపక్షమున కొందరు కేకలు వేసిరి, ఒకరు సభాపతికి ఫిర్యాదు చేసిరి. సభాపతి జాన్ బెర్కో ఆ ప్రసంగమున సభామర్యాదకు భంగము కలుగలేదని నిర్ణయించెను. దిష్టిబొమ్మ కాల్చబడలేదు, పాట పాడబడలేదు. ఒక పరిపాలనకు సంబంధించిన అభియోగము, దానిని వినవలసిన సభయందే, అభియోక్త పేరుతో చెప్పబడినది. పండుగ చేసికొన్న వేలజనము చేయలేని పనిని ఆ యొక్క ప్రసంగము చేసినదని నా అభిప్రాయము.

అంత్యక్రియలు జరిగిన సెయింట్ పాల్ దేవాలయమున లండన్ బిషప్పు రిచర్డ్ చార్ట్రెస్ చేసిన ప్రసంగము ఈ వివేకమునకే సాక్షి. ఆమె స్వయముగా కోరినందున ఇది అంత్యక్రియయే గాని వాడుకచొప్పున స్తుతులు పలుకు సంస్మరణసభ కాదని, రాజకీయవాదములకు ఇది వేళయు కాదు, చోటును కాదని, ఇచ్చట ఆమె సామాన్యమానవుల గతికి లోబడిన మనలో నొకరని ఆయన చెప్పెను. సంస్కారము వేరు, స్తోత్రము వేరు అను నియమమును మృతురాలే ఎరిగియుండగా, ఆమెకై స్తోత్రమును పన్నువలె వసూలు చేయబూనిన అభిమానులు ఆమె కోరికనే అతిక్రమించిరి. ఆ దినమున లడ్గేట్ సర్కస్ కడ శవయాత్ర సాగుచుండగా కొందరు వీపు త్రిప్పి నిలుచుండిరి. సన్మానింప మనసొప్పనివారికి అంతకన్న యుక్తమైన ప్రకటన కానరాదు.

ఆ దేవాలయమునకే సంబంధించిన పూర్వవృత్తాంత మొకటి కలదు. 1982లో ఫాక్‌లండ్ దీవుల యుద్ధమున అర్జెంటీనా నౌక జనరల్ బెల్‌గ్రానో బ్రిటిషువారి దాడికి మునిగి 323 మంది మరణించిరి. ఆ దాడివార్తకు ‘ది సన్’ పత్రిక తన తొలి ముద్రణలో వేటగాని కేరింత వంటి ఏకపదశీర్షిక నుంచి, ప్రాణనష్టము స్పష్టమగుచుండగా తరువాతి ముద్రణలలో దానిని మార్చుకొనెను. యుద్ధానంతరము జూలైలో సెయింట్ పాల్ దేవాలయమున జరిగిన ప్రార్థనయందు ఆర్చిబిషప్పు రాబర్ట్ రన్సీ, రెండవ ప్రపంచయుద్ధమున టాంకుదళములో పోరాడి శౌర్యపతకము పొందినవాడు, ఉభయపక్షముల మృతులకును, వారికై దుఃఖించువారికిని దైవానుగ్రహము వేడెను. విజయోత్సవమున శత్రువును తలచుట అనుచితమని ఆమె పక్షమువారు పలువురు రుసరుసలాడిరి. ముప్పది యొక సంవత్సరముల తరువాత, శత్రువుల మరణమును కూడ దుఃఖింపవలెనను ఆ ధర్మమునే, అదే కప్పు క్రింద, ఆమె పక్షమువారు ఆమెకొరకు యాచింపవలసి వచ్చినది. ధర్మము పక్షము నెరుగదు. నేడు మనము ఎదిరిపక్షమునకు నిరాకరించిన దయనే రేపు మనకై అడుగవలసి వచ్చును.

ఈ విచారణ దూరదేశపు వినోదము కాదు. మన తెలుగునాట కూడ నాయకుడు మరణించిననాడు, నిన్నటివరకు అతనిని దూషించిన నోళ్లే అకస్మాత్తుగా కీర్తనలు పాడుటయు, కీర్తింపనివానిని ద్రోహియని తరుముటయు, వేరొకచోట చాటున సంబరపడుటయు మన మెరిగినవే. బ్రతికియున్న పాలకుని ఎదుట పలుకుటకు ధైర్యము చాలని మాటను అతని శవము నెదుట అరచుట వీరత్వము కాదు. బ్రతికియుండగా చెప్పిన నిజమును శవము నెదుట మ్రింగివేయుట మర్యాదయు కాదు. కనుక పాఠకులకు, విశేషించి పత్రికారచయితలకు నా మనవి యిది. మీకు సమ్మతము కాని నాయకుడు మరణించిననాడు దహనవాటికకు పొండు, లేదా మౌనముగా ఇంట నుండుడు. అచ్చట సంబరమును కోరకుడు, స్తోత్రమును బలవంతపెట్టకుడు. ఆ తరువాత అతడు మూసిన గనులను, కట్టిన ఇండ్లను, విధించిన పన్నులను, చేసిన మేలును కీడును, పేరుపేరున, తేదీలతో సహా, దాపరికము లేకుండ వ్రాయుడు.