చిట్టెలుక దిగులుకు ఎవరు జవాబుదారీ?

బహ్రెయిన్ రాజధాని మనామాలోని మహూజ్‌లో షేక్ మైథమ్ అల్ బహ్రానీ సమాధి ఉంది. ఆయన 13వ శతాబ్దపు తత్వవేత్త. ఇమామ్ అలీ ప్రసంగాలు, లేఖల సంకలనమైన 'నహ్జ్ అల్ బలాఘా'కు ఆయన రాసిన వ్యాఖ్యానాన్ని షియా పండితులు నేటికీ చదువుతారు. ఆ సంకలనంలో జకాత్ అనే మతపరమైన పన్ను వసూలుకు వెళ్లేవారికి అలీ రాసిన లేఖ ఒకటుంది. తల్లి ఒంటెను పిల్లకు దూరం చేయకూడదు. పిల్లకు మిగలకుండా పాలు పిండకూడదు. అలసిన జంతువును తొందరపెట్టి తోలకూడదు. ఇంకోచోట అలీ, ప్రపంచమంతా ఇస్తామన్నా చీమ నోటి నుంచి బార్లీ పొట్టు లాక్కునే పాపం చేయనంటారు.

మరి ప్రయోగశాలలోని చిట్టెలుక సంగతేమిటి?

పొడవాటి గాజు పాత్రలో నీళ్లు పోసి దాన్ని వదులుతారు. మొదట గోడకు గోళ్లు వేసి పైకెక్కాలని చూస్తుంది, గుండ్రంగా ఈదుతుంది. కాసేపటికి ముక్కు మాత్రం పైకి పెట్టి తేలుతూ ఉండిపోతుంది. ఆరు నిమిషాల పరీక్షలో సాధారణంగా చివరి నాలుగు నిమిషాలు చూసి, కదలకుండా ఎంతసేపు ఉందో లెక్కిస్తారు. పోర్సోల్ట్ బృందం 1977లో తెచ్చిన పద్ధతి ఇది. డిప్రెషన్ మందులు పడిన ఎలుకలు ఎక్కువసేపు ఈదుతాయి కాబట్టి, కొత్త మందుల తొలి వడపోతకు దీన్ని వాడుతూ వచ్చారు.

ఒత్తిడి కలిగితే మనిషి ఒంట్లో కార్టిసాల్ పెరుగుతుంది, ఎలుకలో ఆ పని కార్టికోస్టిరాన్‌ది. హైపోథలమస్, పిట్యూటరీ, అడ్రినల్ గ్రంథి: ఇద్దరిలోనూ కబురు వెళ్లే దారి ఇదే. వారాల తరబడి ఆ హార్మోన్‌ను తాగే నీటిలో కలిపి ఇస్తే, చాలా ప్రయోగాల్లో ఎలుకలు వెలుతురున్న ఖాళీ చోటికి రావడానికి జంకాయి.

అయితే నీళ్లలో ఈదడం ఆపేసిన ఎలుక ఆశ వదులుకుందా, ఓపిక దాచుకుంటోందా? శాస్త్రవేత్తలే ఏకాభిప్రాయానికి రాలేదు. చిక్కు అక్కడితో ఆగదు. దాని దిగులు మన దిగులు లాంటిది కాకపోతే ఆ పరీక్ష మనకు చెప్పేది తక్కువ. మన దిగులు లాంటిదే అయితే, దాన్ని మనమే పుట్టిస్తున్నాం.

ఇస్లాం సంప్రదాయం ఎలుకను గారం చేయదు. హజ్ దీక్షలో ఉన్నవారు కూడా చంపదగిన హానికర జీవుల్లో దాన్ని లెక్కిస్తుంది. పొలంలో బోను పెట్టే మన రైతుకు ఇది వింతేమీ కాదు. కానీ జంతువును కోసేటప్పుడు కూడా కత్తి పదును పెట్టి, బాధ తగ్గించమని అదే సంప్రదాయం ఆదేశిస్తుంది. చంపడానికి అనుమతి ఉన్నంత మాత్రాన హింసించడానికి అనుమతి ఉన్నట్టు కాదు. మైథమ్ వ్యాఖ్యానించిన లేఖ చెప్పేదీ ఇదే: జంతువు మన అవసరానికి వచ్చినా, దాని ప్రాణానికి దాని హక్కు ఉంది.

ఆ హక్కు కాగితం మీదే మిగలనక్కర్లేదు. చిట్టెలుకను తోక పట్టి ఎత్తితే భయం పెరుగుతుందనీ, గొట్టంలోకి రానిచ్చి లేదా దోసిట్లోకి తీసుకుని ఎత్తితే తగ్గుతుందనీ లివర్‌పూల్ పరిశోధకులు 2010లో చూపించారు. ఎత్తే పద్ధతే ఎలుక ఆందోళనను మార్చేస్తే, ఆ ఆందోళనను కొలిచే ప్రయోగం ఫలితాన్ని ఎంతవరకు నమ్మాలి? ఇక్కడ కరుణ, కచ్చితత్వం రెండూ ఒకే పని అడుగుతున్నాయి. 2024లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ ఈత పరీక్షనే చట్టంతో నిషేధించింది. మనామాలోనైనా, హైదరాబాద్‌లోని తార్నాకలోనైనా ఎలుకల మీద ప్రయోగానికి అనుమతి ఇచ్చే కమిటీ, ఈ నీళ్ల పాత్ర అవసరమేనా అని ముందు అడగాలి. ఆ తర్వాతే పంజరం తలుపు తీయాలి.